యాత్రాదారిలో గుర్తులు: హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతపు సాక్ష్యాలను చదవడం ఎలా?

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• పాత యాత్రాదారుల వెంట కనిపించే రాతి గుర్తులను వాటి ప్రయోజనాన్ని బట్టి వేరుచేయగలుగుతారు.
• ఆ గుర్తులు బాటసారులను ఎందుకు తికమకపెట్టాయో వివరించగలుగుతారు.
• ఒక రాతి గుర్తును చారిత్రక ఆధారంగా ఉపయోగించే ముందు వేయవలసిన ప్రశ్నలను రూపొందించుకోగలుగుతారు.

1. పరిచయం

రైలు రాకముందు మన ప్రాంతంలో యాత్ర అంటే నడకే. కలిగినవారు పల్లకీలలోనో ఎద్దుబండ్లలోనో వెళ్లేవారు. మిగిలినవారు సద్దిమూట కట్టుకొని కాలినడకన బయలుదేరేవారు. 1890ల దశకంలో గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా మైసూరు సరిహద్దు దాకా రైలుమార్గం ఏర్పడిన తరువాతనే ఈ పరిస్థితి మారసాగింది.

ఈ మూడు పట్టణాలూ 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నాయి. హిందూపురం నుంచి పెనుకొండకు, పెనుకొండ నుంచి ధర్మవరానికి ఒక్కొక్కటి సుమారు 40 కిలోమీటర్ల దూరం. హిందూపురానికి దగ్గరలో లేపాక్షి వీరభద్రాలయం ఉంది. పెనుకొండలో బాబయ్య దర్గా, పార్శ్వనాథ జినాలయం ఉన్నాయి. తూర్పున కదిరి నరసింహస్వామి క్షేత్రం ఉంది. మైసూరు సీమ నుంచి ఉత్తరంగా అహోబిలం, శ్రీశైలం వైపు, తూర్పుగా తిరుమల వైపు వెళ్లగోరేవారికి కూడా ఈ భూభాగం అడ్డంగా వస్తుంది. అందువల్ల ఇక్కడ ఒకే యాత్రాదారి కాక, ఒకదానినొకటి దాటుకుంటూ పోయే అనేక దారులు ఉన్నాయని మీరు గుర్తుంచుకోవాలి.

ఇది వానలు తక్కువగా పడే సీమ. పెన్న, చిత్రావతి ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకపర్రలుగానే ఉంటాయి. దారి తప్పితే చీకటి పడేలోగా చెరువుకో, బావికో, సత్రానికో చేరడం కష్టం. కాబట్టి గుర్తును సరిగా చదవడం నడిచేవాడి ప్రాణానికి సంబంధించిన విషయం.

2. గుర్తులలో రకాలు

దారి పక్కన నిలిచిన ప్రతి రాయీ దారి చూపడానికి నాటినది కాదు. మన ప్రాంతంలో కనిపించే రాళ్లను ఈ విధంగా వర్గీకరించవచ్చు.

(అ) హద్దు రాళ్లు: దేవాలయానికో, బ్రాహ్మణులకో, మఠానికో భూమిని దానం చేసినప్పుడు ఆ భూమి నాలుగు ఎల్లలలో రాళ్లు నాటేవారు. శివాలయపు మాన్యానికి లింగముద్ర, విష్ణ్వాలయపు మాన్యానికి శంఖచక్రాలు చెక్కేవారు. గొడుగు, కమండలం పట్టిన వామనమూర్తి గల రాళ్లు విజయనగర కాలంలో విరివిగా కనిపిస్తాయి. జైన బసదుల భూములకు మూడు గొడుగుల ముద్ర ఉండేది. అచ్యుతదేవరాయల కాలపు లేపాక్షి శాసనాలు వీరభద్రాలయానికి ఇచ్చిన దానాలను నమోదు చేశాయి. లింగముద్రను చూసి ‘శివాలయం ఇటే’ అనుకొని నడిచిన యాత్రికుడు గుడికి చేరడు. గుడికి చెందిన పొలంలోకి చేరుతాడు.

(ఆ) స్మారక శిలలు: ఊరి పశువులను దొంగల నుంచి కాపాడుతూ మరణించినవారికి నిలిపిన వీరగల్లులు, సతి శిలలు ఈ కోవలోనివి. వీటి పైభాగంలో, అలాగే అనేక దానశాసనాల పైభాగంలో, సూర్యచంద్రులు ఉంటారు. ఆ బొమ్మలు తూర్పు పడమరలను సూచించవు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ కీర్తి, ఈ దానం నిలవాలనే భావాన్నే తెలుపుతాయి.

(ఇ) దేవతా శిలలు: ఊరి మధ్య బొడ్రాయి, రావి వేప చెట్ల కింద నాగశిలలు, పొలిమేరలో ఆంజనేయుడు ఈ కోవలోకి వస్తాయి. మాధ్వ గురువు వ్యాసరాయలు 732 ఆంజనేయ విగ్రహాలను ప్రతిష్ఠించాడని సంప్రదాయం చెబుతుంది. ఈ తరహా విగ్రహాలలో స్వామి పక్కకు తిరిగి, ఒక చేయి పైకెత్తి, తోకను తలమీదుగా తిప్పి ఉంటాడు. పక్కకు తిరిగిన ముఖాన్నీ, ఎత్తిన చేతినీ దారి చూపే సైగగా భావించడం పొరపాటు. అయితే కోట వాకిలి వద్ద, ఊరి పొలిమేరలో ఆంజనేయుణ్ణి నిలపడం ఆచారం గనుక ‘ఊరు దగ్గర పడింది’ అనే సమాచారాన్ని ఆ విగ్రహం ఇవ్వగలదు.

(ఈ) బాటసారుల వసతులు: చలివేంద్రాలు, దిగుడు బావులు, రాతి మండపాలు, తలమీది మూటను ఎవరి సాయమూ లేకుండా దించుకోవడానికి నిలిపిన రాతి దిమ్మెలు ఇందులో చేరుతాయి. ఇవి నడిచేవారి కోసమే కట్టినవి గనుక పాత దారికి ఇవే అన్నిటికన్నా బలమైన సాక్ష్యాలు.

(ఉ) ప్రభుత్వ రాళ్లు: 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్తమండలాలుగా పేరుపడిన ఈ ప్రాంతంలో ఆ తరువాత సర్వే రాళ్లు, మైలురాళ్లు వచ్చాయి. వీటిలో మైలురాయి ఒక్కటే దూరాన్ని తెలుపుతుంది.

3. తికమకకు కారణాలు

3.1 కేంద్రాలు మారడం: దారి ఎటు పోతుందన్నది అధికారం ఎక్కడ ఉందన్నదానిపై ఆధారపడుతుంది. హంపీ రాజధానిగా ఉన్నప్పుడు పెనుకొండ ఒక రాజ్యానికి కేంద్రం, గట్టి దుర్గం. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తరువాత తిరుమలరాయలు పెనుకొండను రాజధాని చేసుకున్నాడు. ఆపైన రాజధాని చంద్రగిరికి, వేలూరుకు తరలింది. పద్దెనిమిదో శతాబ్దంలో మరాఠాలు, మైసూరు పాలకులు ఈ ప్రాంతం కోసం పోరాడారు. కంపెనీ పాలనలో బళ్లారి జిల్లా కేంద్రమైంది. 1882లో అనంతపురం జిల్లా విడిగా ఏర్పడింది. ప్రతి కేంద్రమూ తన వైపు దారులను బాగుచేసుకుంది. పాత రాళ్లను ఎవరూ తీయలేదు. ఈ విధంగా అనేక కాలాల గుర్తులు ఒకే బాట పక్కన చేరాయి.

3.2 కొలతలు మారడం: నాలుగు కోసులు ఒక ఆమడ అని పాత లెక్క. కానీ కోసు అన్నిచోట్లా ఒకటి కాదు. అందువల్ల ఆమడ కూడా ఎనిమిది మైళ్ల నుంచి పది మైళ్ల దాకా మారేది. దీని ఫలితాన్ని ఒక ఉదాహరణతో చూద్దాం. మజిలీ రెండున్నర ఆమడల దూరమని ఒక బాటసారి విన్నాడనుకోండి. అతని ఊరిలో ఆమడ ఎనిమిది మైళ్లయితే 20 మైళ్లకు సిద్ధపడతాడు. ఈ ఊరి ఆమడ పది మైళ్లయితే 25 మైళ్లు నడవవలసి ఉంటుంది. తేడా 5 మైళ్లు, అంటే 8 కిలోమీటర్లు. గంటకు 4 కిలోమీటర్ల చొప్పున అది రెండు గంటల నడక. సాయంత్రం చేరవలసినవాడు చీకట్లో చిక్కుకుంటాడు.

ఇటువంటి చిక్కు మన కాలంలోనూ వచ్చింది. 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చాక మైళ్ల స్థానంలో కిలోమీటర్లు అమలయ్యాయి. పాత మైలురాయిని తీయకుండా కొత్త రాయిని నాటినచోట 25 అనే అంకె, 40 అనే అంకె ఒకే దూరాన్ని చెబుతాయి. అదే విధంగా పెనుకొండ మీదుగా పోయే ఏడో నంబరు జాతీయ రహదారి 2010 నాటి మార్పులో నలభై నాలుగో నంబరుది అయింది. పాత పటం పట్టుకున్నవారికి కొత్త బోర్డు అర్థం కాదు.

3.3 పేర్లు, లిపులు: ఇది తెలుగు, కన్నడ భాషలు కలిసే సీమ. ఒకే ఊరి పేరు రెండు భాషల్లో రెండు విధాలుగా పలుకుతుంది. పెనుకొండను సంస్కృత రచనల్లో, శాసనాల్లో ఘనగిరి అన్నారు. మరోవైపు పశ్చిమ గోదావరి జిల్లాలో పెనుగొండ ఉంది. అది వాసవీ కన్యకాపరమేశ్వరి క్షేత్రం. ఒక గ్రంథంలో ‘పెనుగొండ’ అని కనిపించగానే అది ఏ పెనుగొండో చుట్టుపక్కల ఊర్ల పేర్లను బట్టి నిర్ధారించుకోవాలి.

3.4 నోటిమాట: అక్షరం రాని బాటసారికి అసలైన దారి గుర్తు ఎదురైన మనిషే. గొర్రెల కాపరిని అడిగితే ‘అల్లంత దూరమే, ఆ కనపడే గుట్ట పక్కనే’ అంటాడు. కూతవేటు, జాము పొద్దు వంటివి చెప్పేవాడి నడకను బట్టి ఉండే కొలతలు. చెరువు నిండినప్పుడు కట్ట మీది దారి, ఎండినప్పుడు చెరువులో పడిన అడ్డదారి వేరువేరు. అడిగిన కాలాన్ని బట్టి జవాబు మారుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. లింగముద్ర రాయి ప్రయోజనం ఏమిటి?
2. ఒకే ‘ఆమడ’ రెండు ఊర్లలో రెండు దూరాలు కావడానికి కారణం ఏమిటి?

4. లిఖిత ఆధారాలతో పోల్చడం

రాయి ఒక్కటే చాలదు. దాన్ని లిఖిత ఆధారంతో సరిపోల్చాలి. ఇందుకు మూడు రకాల రచనలు ఉపకరిస్తాయి.

మొదటిది యాత్రాచరిత్ర. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఆయన దారి మన మూడు పట్టణాల మీదుగా పోలేదు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం మీదుగా సాగింది. అయినా మజిలీల మధ్య దూరం, నేల స్వభావం, ఊరిలో ఏమి దొరుకుతుంది అనే వివరాలను ఒక యాత్రికుడు ఏ దృష్టితో గమనించేవాడో తెలుసుకోవడానికి అది ఉత్తమ నమూనా.

రెండవది కైఫియత్తులు. కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి సోదరులు, ఇతర సహాయకులు ఊరూరా సేకరించిన ఈ స్థానిక చరిత్రలలో గ్రామాల ఎల్లలు, చెరువులు, దేవాలయాలు, మాన్యాల వివరాలు ఉన్నాయి. ఒక రాయి హద్దు రాయా, దారి గుర్తా అనే సందేహాన్ని చాలాసార్లు ఇవే తీర్చగలవు.

మూడవది స్థలగాథలు. పెనుకొండ బాబయ్య, అంటే బాబా ఫక్రుద్దీన్, తిరుచిరాపల్లిలోని నథర్ వలీకి శిష్యుడు. పుల్లను నేలలో నాటి, అది ఎక్కడ చిగురిస్తే అక్కడే స్థిరపడమని గురువు చెప్పాడనీ, అది పెనుకొండలో చిగురించిందనీ గాథ. దీన్ని జరిగిన సంఘటనగా నిరూపించలేము. అయితే హిందువులు, ముస్లిములు కలిసి దర్శించే ఒక క్షేత్రానికి తిరుచిరాపల్లితో ఉన్న సంబంధాన్ని జనం ఎలా గుర్తుపెట్టుకున్నారో ఇది తెలుపుతుంది. ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడయరు కట్టించి తన తల్లి ధర్మాంబ పేరు పెట్టాడనే కథనాన్ని కూడా ఇదే జాగ్రత్తతో చదవాలి.

5. ఇతర దారులతో పోలిక

జపానులోని షికోకు ద్వీపంలో 88 ఆలయాలను కలిపే సుదీర్ఘ యాత్రామార్గం ఉంది. షిన్నెన్ అనే సన్యాసి 1687లో దానికి దారి చూపే పుస్తకాన్ని ప్రచురించాడు. దారి రాళ్లను కూడా నిలిపాడు. స్పెయిన్‌లో సాంటియాగో యాత్రామార్గంలో ఎలియాస్ వాలిన్యా అనే మతాచార్యుడు 1984లో పసుపు రంగు బాణాలు గీయించాడు. ఈ రెండుచోట్లా గుర్తులు యాత్రికుడి కోసమే, ఒకే పద్ధతిలో పెట్టినవి.

మన దగ్గర అటువంటి ఏర్పాటు కొన్ని కొండదారులకే పరిమితమైంది. పద్నాలుగో శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడు. మెట్లను మించిన స్పష్టమైన దారి గుర్తు లేదు. నేటికీ ఉగాది ముందు కన్నడ భక్తులు వెంకటాపురం, నాగలూటి, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా నల్లమలలో నడిచి శ్రీశైలం చేరుతున్నారు. మైదానంలో మాత్రం బాటసారి ఇతరుల అవసరాలకు నాటిన రాళ్లను ఆసరా చేసుకొని నడవవలసి వచ్చింది. షికోకుకూ మన ప్రాంతానికీ గల ముఖ్యమైన భేదం ఇదే.

6. క్షేత్ర పరిశీలనలో పాటించవలసిన పద్ధతి

మీరు పాత రాయిని చూసినప్పుడు ఈ ఐదు ప్రశ్నలు వేసుకోండి. ఇది నాటినచోటే ఉందా, జరిపారా? చెక్కిన ముఖం ఎటు ఉంది? ఏ ముద్ర, ఏ లిపి ఉంది? దగ్గరలో నీటి వసతి ఉందా? ఊరివాళ్లు దీన్ని ఏమని పిలుస్తారు?

మొదటి ప్రశ్న అన్నిటికన్నా ముఖ్యమైనది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు రాయిని పక్కకు లాగి గుడి ముందు నిలిపితే దానిపై ఉన్న అక్షరాలు మిగులుతాయి. కానీ అది ఏ పొలానికి హద్దో, ఏ దారికి గుర్తో చెప్పే శక్తిని కోల్పోతుంది. పగిలిన శాసనాన్ని కొంతవరకు చదవవచ్చు. స్థానం మారిన రాయి పాత స్థానాన్ని తిరిగి తెలుసుకోవడం దాదాపు అసాధ్యం. మన జిల్లాలో పాత బాటలు వేగంగా కొత్త రోడ్ల కింద కలిసిపోతున్నాయి. వాటిని నమోదు చేయడానికి నగరాల నుంచి పరిశోధకులు వచ్చేదాకా ఆ రాళ్లు ఉంటాయని చెప్పలేము. పొలానికి, కార్ఖానాకు, మగ్గం దగ్గరికి రోజూ అదే దారిన నడిచే మీరే ఆ పని చేయగల స్థితిలో ఉన్నారు. రాయిని కదపవద్దు. రంగు, సుద్ద, నూనె పూయవద్దు. పక్కన స్కేలు పెట్టి నాలుగు వైపులా ఫొటో తీయండి. సర్వే నంబరును వీఆర్వోను అడిగి రాసుకోండి. అక్షరాలు ఉంటే పురావస్తు శాఖకు తెలియజేయండి.

7. సారాంశం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతంలో వివిధ కాలాల, వివిధ ప్రయోజనాల గుర్తులు ఒకే దారి పక్కన నిలిచి ఉన్నాయి. రాజధానులు, కొలతలు, భాషలు మారినా పాత రాళ్లు అలాగే ఉండిపోవడం తికమకకు మూలకారణం. ప్రతి రాయినీ దాని కాలం, ప్రయోజనం, స్థానం అనే మూడింటినీ నిర్ణయించిన తరువాతనే ఆధారంగా స్వీకరించాలి.

నమూనా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పాత దారుల వెంట కనిపించే రాతి గుర్తులను వర్గీకరించి, వాటిలో దారికి బలమైన సాక్ష్యాలు ఏవో వివరించండి.
2. రాజకీయ కేంద్రాలు మారడం పెనుకొండ ప్రాంతపు దారులపై చూపిన ప్రభావాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చరిత్ర రచనకు కైఫియత్తుల ఉపయోగం ఏమిటి?
2. మీ ఊరి పొలిమేరలోని ఒక పాత రాయిని ఐదు ప్రశ్నల పద్ధతిలో పరిశీలించి నివేదిక రాయండి.