బొంత కుట్టిన చేతులు



శతవార్షికోత్సవ సంచిక అనగానే బిషప్పుల ఛాయాచిత్రములు, దేవాలయ శంకుస్థాపనల తేదీలు, బాప్తిస్మముల సంఖ్యలు మన కన్నులయెదుట నిలుచును. అవి ఉండవలసినవే. 1912 డిసెంబరు 29న కలకత్తాలో వి.యస్. అజరయ్యగారు దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన దినమును, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన దినమును తెలుగు సంఘము మరువరాదు. అయితే ఏ రిజిస్టరులోను ఎక్కని చరిత్ర యొకటి మన యిండ్లలో పెట్టెల అడుగున మడిచి యున్నది. అది పసిబిడ్డకు కుట్టిన బొంత.

కుట్టుపని మనకు మిషనెరీ దొరసానులు నేర్పిరని తరచుగా చెప్పుకొందుము. వేదాంత కళాశాలలో చదువునాడు మేమును అట్లే వ్రాసితిమి. అది సగమే నిజము. బాలికల బోర్డింగు పాఠశాలలలో వారు కుట్టుపని, అల్లికపని నేర్పిన మాట వాస్తవము. నర్సాపురము ప్రాంతపు లేసుపనియు మిషనెరీల వలన వచ్చినదే. కాని బొంత కుట్టుట వారు నేర్పినది కాదు. సువార్త రాకమునుపే మన పూర్వికులలో అనేకులు మగ్గముమీద ముతక నూలుబట్ట నేసినవారు. అనేకులు ఆరెతో తోలు కుట్టినవారు. మిల్లుబట్ట వచ్చి మగ్గము మూలబడినను స్త్రీల చేతిలో సూది నిలిచినది. బంగాళములోని కాంతా, కర్ణాటకలోని కౌది కూడ ఇట్టి బొంతలే.

బొంతకు కొత్తబట్ట పనికిరాదు. అందులో గంజి యుండును, పసి చర్మమును గీరును. ఏండ్ల తరబడి ఉతికి మెత్తబడిన నూలుచీర చెమటను పీల్చును, త్వరగా ఆరును. అట్టి చీరలను వేడినీటిలో ఉడికించి, ఎండబెట్టి, నాలుగైదు మడతలుగా చాపమీద పరతురు. అంచులు మడిచి, ఒక అంచునుండి వరుసగా చిన్న చిన్న కుట్లు వేయుదురు. పెద్దల బొంతకు దబ్బనము. బిడ్డ బొంతకు సన్నని సూది. ఏ ముడియు బిడ్డకు గుచ్చుకొనకుండ దారపు కొసను మడతలలోనికి దూర్చుదురు.

రక్షకుడు పుట్టినప్పుడు మరియ ఆయనను పొత్తిగుడ్డలతో చుట్టెనని లూకా సువార్త 2వ అధ్యాయము తెలుపుచున్నది. పొత్తిగుడ్డలు అనగా ఏమియో మన అవ్వలకు ఎవరును వివరింపనక్కరలేదు. హన్నా యేటేట సమూయేలుకు చిన్న అంగీ కుట్టి తీసికొనిపోయెను. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు ఏడ్చుచు, ఆమె కుట్టిన బట్టలను పేతురుకు చూపిరి. ఆ బట్టలే ఆమె జీవితచరిత్ర.

ఇచ్చట మా తప్పిదమొకటి ఒప్పుకొనవలెను. మాకు మొదటి బిడ్డ కలిగినప్పుడు సంఘములోని ఒక అవ్వ బొంత కుట్టి తెచ్చెను. “అయ్యగారూ, పాతచీర అనుకోకండి, మూడు దినాలు ఎండబెట్టినాను” అనెను. మేము వందనములు చెప్పి, దానిని పెట్టెలో పెట్టితిమి. బాప్తిస్మము నాడు ఫొటో కొరకు బిడ్డను అంగడిలో కొన్న మఖమలు దుప్పటిలో చుట్టితిమి. వెనుక వరుసలో చాపమీద కూర్చున్న అవ్వ చూచెను, ఏమియు అనలేదు. వేసవి వచ్చి బిడ్డకు ఒళ్లంతా చెమటకాయలు లేచి, రాత్రులు నిద్రలేకపోగా, బిడ్డ తల్లి ఆ బొంతనే తీసి పరచినది. బిడ్డ నిద్రపోయెను. ఆ సంగతి అవ్వకు చెప్పవలెననుకొంటిమి. రేపు రేపు అని వాయిదా వేసితిమి. అంతలో ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆమె పేరు మేము వ్రాసినది భూస్థాపన రిజిస్టరులో మాత్రమే.

కావున సంఘస్థులారా, ఉత్సవ దినమున దేవాలయములో పాత ఫొటోల ప్రక్కన ఒక బల్ల వేయింతము. మీ యింటి బొంతలను తెచ్చి దానిపై ఉంచుడి. ఎవరు కుట్టిరో, ఏ బిడ్డకు కుట్టిరో, ఏ సంవత్సరమో కాగితముపై వ్రాసి ప్రతి బొంతకు గుచ్చుడి. కుట్టిన తల్లి జీవించియున్న యెడల ఆమెను ముందు వరుసలో కూర్చుండబెట్టుడి. మొదటి బొంత మేమే తెచ్చెదము.