దేశములను పోల్చుట ఎట్లు?
దత్తమండలముల నుండి ఒక పాఠము

ఒక దేశము మరియొక దేశముకంటె ముందున్నదని దేనినిబట్టి చెప్పవలెను? ధనమును బట్టియా, చదువును బట్టియా, ప్రజలు బ్రతుకు తీరును బట్టియా? నేడు అంతర్జాతీయ పట్టికలు ఈ ప్రశ్నకు సంఖ్యలతో జవాబు చెప్పుచున్నవి. కాని ప్రశ్న పట్టికలకంటె చాల పాతది. 1813లో లండనులో, బ్రిటిషు కామన్సు సభవారి విచారణ సంఘము ఎదుట ఈ ప్రశ్నయే వచ్చినది. జవాబు చెప్పినవాడు మన రాయలసీమలో ఏడేండ్లు పనిచేసిన థామస్ మన్రో.

సాక్ష్యము

1800లో నిజాము ఈస్టిండియా కంపెనీకి ఇచ్చివేసిన ప్రాంతమునకు దత్తమండలములని పేరు. బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములును, కర్నూలులో కొంత భాగమును అందులో చేరియుండెను. చెయ్యేటి లోయలోని నేటి రాజంపేట ప్రాంతము కూడ అందులోనిదే. 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభ సందర్భమున ఈ సీమకు రాయలసీమ యను పేరు వచ్చినది. 1800 నుండి 1807 వరకు మన్రో ఇచట ప్రధాన కలెక్టరు. పొలములను కొలిపించి, రైతుల కష్టసుఖములను దగ్గరగా చూచినవాడు.

1813లో కంపెనీ పట్టా గడువు ముగియుచుండెను. భారతదేశముతో వ్యాపారమును ఇంగ్లండు వర్తకులందరికిని తెరచిన యెడల అచటి సరకులు ఇచట అమ్ముడుపోవునా, దానివలన ఇచటి ప్రజలు నాగరికులగుదురా అని సభ్యులు అడిగిరి.

మన్రో మొదట కూలి లెక్క చెప్పెను. వ్యవసాయ కూలికి నెలకు 4 నుండి 6 షిల్లింగులు వచ్చును. ఒక మనిషి బ్రతుకుటకు ఏడాదికి 18 నుండి 27 షిల్లింగులు కావలెను. నాటి రూపాయి సుమారు రెండు షిల్లింగులు. కనుక కూలి నెలకు రెండు మూడు రూపాయలు. ఏడాది పొడుగున పని దొరికినను, ఆ ఆదాయముతో ఇద్దరు మొదలు నలుగురి వరకు మాత్రమే పొట్ట పోసికొనగలరు. సీమసరకు కొనుటకు మిగులునది ఏమి?

తరువాత నాగరికతను గూర్చిన ప్రశ్న వచ్చినది. మంచి సేద్యము, సాటిలేని చేతిపనులు, ఊరూర బడులు, అతిథిమర్యాద, దానగుణము, స్త్రీలయెడ గౌరవము అను గుణములను ఆయన వరుసగా పేర్కొనెను. ఇవియే నాగరికతకు గుర్తులైనచో హిందువులు ఐరోపా జాతులకు తీసిపోరనియు, నాగరికతయే వర్తకపు సరకైనచో దిగుమతివలన లాభపడునది ఇంగ్లండేననియు చెప్పెను. ఆర్థికస్థితి, సంస్కృతి, జీవనము అను మూడింటిని ఒకేచోట ఉంచి రెండు దేశములను పోల్చిన తొలి ప్రయత్నములలో ఇది యొకటి.

మాట నుండి లెక్కకు

అయితే ఊరూర బడులున్నవను మాట నిజమేనా? మద్రాసు గవర్నరైన తరువాత, 1822లో, మన్రోయే అన్ని జిల్లాల కలెక్టర్లను బడుల లెక్క పంపుమని కోరెను. 1826 నాటికి మొత్తము తేలినది: 1,28,50,941 మంది జనాభాలో 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు.

ఈ అంకెలను విద్యార్థులు శ్రద్ధగా గమనింపవలెను. విద్యార్థుల సంఖ్యను మొత్తము జనాభాచే భాగించినచో వేయిమందికి సుమారు 15 మంది అని వచ్చును. ఇది చాల తక్కువగా తోచును. కాని బడికి పోదగినవారు అన్ని వయసులవారు కారు. అయిదు మొదలు పదియేండ్లలోపు బాలురు పురుషులలో తొమ్మిదవ వంతని మన్రో అంచనా వేసెను. ఆ లెక్కను వారు సుమారు 7,13,000 మంది. బడిలో ఉన్న బాలురు 1,84,110 మంది, అనగా నాలుగవ వంతుకు పైగా. ఇంటివద్ద చదువుకొనువారిని చేర్చినచో మూడవ వంతుకు దగ్గరగునని ఆయన తలచెను. లెక్క ఒకటే, భాజకము మారగానే చిత్రము మారినది. ఇంగ్లండుకంటె ఇది తక్కువయైనను, కొంతకాలము క్రిందటి ఐరోపా దేశములలో పెక్కింటికంటె మేలని ఆయన వ్రాసెను.

బాలికలు 4,540 మంది మాత్రమే. స్త్రీల గౌరవమును గూర్చి లండనులో చెప్పిన మాటను ఈ అంకె ప్రక్కన ఉంచి చూడవలెను.

దత్తమండలములలోనిదే యైన బళ్లారి జిల్లా లెక్క మరింత కఠినము. 1823లో కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ పంపిన నివేదిక ప్రకారము 9,27,857 మందికి 533 బడులు, 6,641 మంది విద్యార్థులు. వేయికి ఏడుగురు. వారిలో బాలికలు 60 మంది. తెలుగు వ్యాకరణము వ్రాసిన ఈ క్యాంబెల్ కారణమును కూడ తెలిపెను. ఐరోపా బట్టలు వచ్చి నేతపనివారి జీవనమును దెబ్బతీసినవనియు, దేశము క్రమముగా బీదదై తల్లిదండ్రులు పిల్లలను చదివింపలేకున్నారనియు వ్రాసెను. ఆర్థికస్థితియు చదువును వేరువేరు గడులు కావని దీనివలన తెలియుచున్నది.

మన్రో చేతిలోని పన్ను కూడ ఇందులో భాగమే. దత్తమండలముల శిస్తును నాలుగవ వంతు తగ్గింపవలెనని 1807లో ఆయన సూచింపగా పైవారు అప్పుడు అంగీకరింపలేదు. ఆయన గవర్నరైన పిమ్మటనే ఆ తగ్గింపు అమలైనది. 1827లో కలరా సోకి ఆయన పత్తికొండలో మరణించెను.

కొలబద్దలు పెరిగిన తీరు

భారతీయుని తలసరి ఆదాయమును తొలిసారి లెక్కగట్టినవాడు దాదాభాయి నౌరోజీ. 1860ల చివరి సంవత్సరములకు ఆయన తేల్చినది ఏడాదికి 20 రూపాయలు. జైలులో ఖైదీ తిండికి, బట్టకు అగు ఖర్చుకంటె ఇది తక్కువయని ఆయన చూపెను.

కాని రూపాయిని షిల్లింగుగా మార్చినంత మాత్రమున పోలిక పూర్తి కాదు. ఒకే మొత్తమునకు ఒకచోట ఎక్కువ బియ్యము, మరొకచోట తక్కువ రావచ్చును. 1968లో ఐక్యరాజ్య సమితియు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమును కలిసి, ఇర్వింగ్ క్రావిస్ నాయకత్వమున, వివిధ దేశముల ధరలను సరిపోల్చు పనిని ప్రారంభించిరి. కొనుగోలు శక్తిని బట్టి ఆదాయమును పోల్చుట అట్లు స్థిరపడినది.

1990లో మహబూబ్ ఉల్ హక్, అమర్త్య సేన్ ఆలోచనల తోడ్పాటుతో, మానవాభివృద్ధి సూచికను తెచ్చెను. ఆయుర్దాయము, చదువు, ఆదాయము అను మూడింటిని సున్న నుండి ఒకటి వరకు గల కొలతగా మార్చి కలుపుదురు. 2010 నుండి గుణమధ్యమము వాడుచున్నారు. ఒక దేశమునకు 0.9, 0.9, 0.1 వచ్చినవనుకొందము. మామూలు సగటు 0.63, గుణమధ్యమము 0.43 మాత్రమే. ఒకదానిలోని లోటును మరొకదానిలోని మిగులు కప్పిపుచ్చజాలదు.

అతిథిమర్యాద, కళలు, భాష ఈ సూచికలో లేవు. భూటాను దేశమువారి స్థూల జాతీయానంద సూచికలో సంస్కృతి తొమ్మిది విభాగములలో ఒకటి. మన్రో జాబితాలోని గుణములలో కొన్ని ఈనాటికిని అంకెలకు పూర్తిగా లొంగలేదు.

తరగతిలో ఈ పాఠమును సులభముగా పరీక్షింపవచ్చును. రాజంపేట చుట్టుపట్ల రెండు గ్రామములను తీసికొని కూలి, బియ్యపు ధర, బడిలోని బాలబాలికల సంఖ్య, త్రాగునీటికై నడచు దూరము విద్యార్థులచే వ్రాయింపవలెను. ఏ గ్రామము మెరుగని నిర్ణయించుటకు ముందు, ఏ అంకెను దేనిచే భాగించిరో, ఎవరిని లెక్కలో చేర్చలేదో చెప్పుమని అడుగవలెను. ఆ రెండు ప్రశ్నలు అలవాటైన విద్యార్థి దేశముల పట్టికను కూడ సరిగా చదువగలడు.