మౌలాలిగుట్ట — దర్గాశబ్దము

ఘట్‌కేసరునుండి సికింద్రాబాదునకు బోవు రైలుమార్గమున, చర్లపల్లి దాటిన పిమ్మట మౌలాలిగుట్ట కానవచ్చును. దానిపై నున్నది దర్గా యని విన్నవారు, సమాధి యెవరిదని ప్రశ్నింతురు. శిఖరముపై సమాధి లేదు. అలీ సమాధి ఇరాకుదేశమున నజఫునందున్నదని ప్రసిద్ధి. 1578 ప్రాంతమున, ఇబ్రహీం కుతుబ్‌షా యేలుబడిలో, యాకూత్ అను నంతఃపురోద్యోగికి స్వప్నమున అలీ యీ గుట్టపై దర్శన మిచ్చెననియు, మఱునాడు ఱాతిపై హస్తముద్ర కానబడెననియు ఐతిహ్యము.

సమాధి లేనిచో దర్గా యనుట యెట్లు సాధువు? పారసీకమున 'దర్' అనగా ద్వారము, 'గాహ్' అనగా స్థానము. మొదటిది సంస్కృత ద్వారశబ్దమునకును, రెండవది వైదిక గాతుశబ్దమునకును సజాతీయములు. దర్గా యనగా వాకిలి, రాజుకొలువు. సమాధి యను నర్థము పిదప రూఢిచే వచ్చినది. కావున నీ వ్యవహారము నిర్దుష్టము. శిఖరమును జూచి మౌలాశబ్దమును మౌళినుండి తెచ్చుట మాత్రము సాహసము. అది ప్రభువను నర్థముగల అరబ్బీపదము. మౌలా, అలీ యను రెంటిని గలిపి మౌలాలి చేసినది తెలుగునోరు.

వాకిలికి గౌరవ మిచటనే కాదు. మోసులునకు ఉత్తరమున, లాలిష్ లోయలో, 12వ శతాబ్ది నాటి షేక్ ఆదీ సమాధి యజీదులకు పరమక్షేత్రము. అచట సమాధి యున్నను, యాత్రికులు గడపను ద్రొక్కక, ముద్దిడి దాటుదురు.

మౌలాలిగుట్ట పాదమున మాత్రము సమాధి గలదు. అది 1824లో గతించిన ఉర్దూ కవయిత్రి మహలఖాబాయి చందాది; ప్రక్కనే తల్లి సమాధి.