దిగుడు బావి నుంచి చేదబావికి: నారికురుపు చరిత్రలో ఒక ప్లవకం పాత్ర

ఉత్తర తెలంగాణ నీటి చరిత్రను రాసేవారు చెరువుల దగ్గర ఆగినంతసేపు బావుల దగ్గర ఆగరు. ఆగినా మెట్ల శిల్పాన్ని వర్ణించి ముందుకు సాగుతారు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల వాడుకలో దిగుడు బావి వేరు, చేదబావి వేరు. మొదటిదానిలో మనిషే నీటి దాకా దిగుతాడు. రెండోదానిలో చేద మాత్రమే దిగుతుంది. ఈ చిన్న భేదం మీదే ఒక వ్యాధి మనుగడ ఆధారపడిందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ వ్యాధి నారికురుపు. నారి అంటే వింటి తాడు. కాలి పొక్కు నుంచి తాడులా వెలువడే, మీటరు దాకా పొడవుండే ఆడపురుగును చూసినవారే ఈ పేరు పెట్టి ఉంటారని నా అభిప్రాయం. ఆ పురుగును పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం చొప్పున వారాల తరబడి బయటికి లాగేవారు. మధ్యలో తెగితే కాలు చీము పట్టేది. కూలినాలి చేసుకునే ఇంటికి అన్ని వారాల పనీ పోయినట్లే.

పురుగును మనిషికి చేర్చేది సైక్లోప్స్ అనే మంచినీటి ప్లవకం. గ్రీకు పురాణాల ఒంటికన్ను రాక్షసుల పేరు దీనికి దక్కింది గాని, ఇది మహా అయితే ఒకటి రెండు మిల్లీమీటర్లుంటుంది. సముద్ర జంతు ప్లవకాల్లో అధిక సంఖ్యాకమైన కోపెపాడ్‌లకు ఇది దగ్గరి బంధువు. వాటిలో చాలా జాతులు ఉపాంగాలతో నీటిని తమవైపు కదిలించుకొని సూక్ష్మ శైవలాలను పోగుచేసుకుంటాయి. సైక్లోప్స్ మాత్రం కదిలే ఎరను పసిగట్టి, మీదికి దూకి పట్టుకుంటుంది. నీటిలో మెలికలు తిరిగే నారిపురుగు లార్వా దానికి అటువంటి ఎరే. అయితే మింగిన లార్వా జీర్ణం కాదు. పేగును తొలుచుకొని శరీర కుహరంలోకి చేరి, సుమారు రెండు వారాల్లో మనిషికి సోకే దశకు ఎదుగుతుంది. 1870 ప్రాంతంలో తుర్కెస్తాన్‌లో దీనిని గుర్తించినవాడు రష్యన్ శాస్త్రవేత్త అలెక్సీ ఫెద్చెంకో.

నిలవ నీరు, వెచ్చదనం సైక్లోప్స్‌కు అనుకూలం. ఎండాకాలంలో బావి అడుగంటిన కొద్దీ అవి కొద్దిపాటి నీటిలో దట్టమవుతాయి. సరిగ్గా అప్పుడే మనుషులు చివరి మెట్టు కూడా దాటి, నీటిలో కాలుపెట్టి కడవ ముంచుకోవలసి వస్తుంది. పొక్కుకు నీరు తగలగానే పురుగు లక్షల లార్వాలను విడుస్తుంది. వాటి ఆయుష్షు కొద్ది రోజులే. ఆలోపు సైక్లోప్స్ తినకపోతే కథ అక్కడితో సరి.

1930లలో మైసూరు సంస్థానంలో మూర్తి, స్వీట్ అనే పరిశోధకులు సైక్లోప్స్‌ను తినే చేపలను బావుల్లో వదిలి చూశారు. జాతీయ నిర్మూలన కార్యక్రమం 1980ల తొలి సంవత్సరాల్లో మొదలైంది. 1984లో దేశంలో దాదాపు 40 వేల కేసులు నమోదయ్యాయి. వ్యాధి ఉన్న ఏడు రాష్ట్రాల్లో నాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి; కరీంనగర్, ఆదిలాబాద్ అప్పుడు ఆ రాష్ట్రంలోని జిల్లాలే. గుడ్డతో వడకట్టడం, టెమిఫాస్ మందు కలపడం, చేతిపంపులు వేయడం, దిగుడు బావులను చేదబావులుగా మార్చడం ఆ కార్యక్రమంలోని పనులు. 1996లో చివరి కేసు రాజస్థాన్‌లో కనిపించింది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు లేని దేశంగా ధ్రువీకరించింది. ఇంతకాలంలో సైక్లోప్స్ ఆహారపుటలవాటు ఏమీ మారలేదు. నీటికీ మనిషి కాలికీ మధ్య దూరం పెరిగింది, అంతే.

2022లో సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట మెట్ల బావిని పునరుద్ధరించాక ఇటువంటి కట్టడాల మీద ఆసక్తి పెరిగింది, అది సంతోషించదగినదే. కాని క్షేత్ర పర్యటనలో మెట్లు మూసి గిలక బిగించిన బావి ఎదురైతే, దానిని పాడుచేసిన వారసత్వంగా రాసుకోవడానికి ముందు, ఆ మెట్లను ఎప్పుడు, ఎందుకు మూశారో ఊరి పెద్దలను అడగవలసి ఉంది.