వెనక వరుస నుంచి గోల్డెన్ బూట్: హోమారె సావా ఆటపై ఒక పరిశీలన

జపాన్ మహిళల ఫుట్‌బాల్ గురించి రాసేవారు హోమారె సావా పేరును 2011 ప్రపంచకప్‌తో ముడిపెట్టి, 205 అంతర్జాతీయ మ్యాచ్‌లు, 83 గోల్స్, 6 ప్రపంచకప్‌లు, 4 ఒలింపిక్స్ అని లెక్క చెప్పి ఊరుకుంటారు. ఈ లెక్కలో ఒక ప్రశ్న మరుగున పడిపోతుంది. 32 ఏళ్ల వయసులో, ప్రత్యర్థి గోల్‌కు దూరంగా ఆడే డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ ఆ టోర్నీలో అందరికన్నా ఎక్కువగా 5 గోల్స్ ఎలా చేయగలిగింది? వెనక్కి జరగడమే ఆమెకు గోల్ దారి తెరిచిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తోంది.

టోక్యో మహానగర పరిధిలోని ఫుచూలో 1978లో పుట్టిన సావా 12 ఏళ్లకే యొమియురి బెలెజా క్లబ్బులో చేరింది. 1993 డిసెంబరులో ఫిలిప్పీన్స్‌పై ఆడిన తొలి అంతర్జాతీయ మ్యాచ్‌లోనే 4 గోల్స్ కొట్టింది. జపాన్ 15-0తో గెలిచిన ఆ మ్యాచ్‌ను బట్టి ఆమె ప్రతిభను అంచనా కట్టడం తొందరపాటే. అప్పటి ఆసియా జట్ల మధ్య అంతరం అంతటిది. అయితే అప్పట్లో ఆమె ఆటంతా దాడే అన్నది మాత్రం నిజం.

1999 ప్రపంచకప్‌లో జపాన్ తొలి దశలోనే వెనుదిరిగి, సిడ్నీ ఒలింపిక్స్ అవకాశం పోగొట్టుకుంది. ఆర్థిక మాంద్యంలో ఉన్న కంపెనీలు మహిళా జట్లను ఒక్కొక్కటిగా వదిలించుకున్నాయి. సావా అమెరికా వెళ్లింది. 2001లో మొదలైన అక్కడి ప్రొఫెషనల్ లీగులో అట్లాంటా బీట్‌కు ఆడింది. 2003లో ఆ లీగూ మూతపడటంతో బెలెజాకు తిరిగొచ్చింది. 2009లో మళ్లీ అమెరికా వెళ్లి వాషింగ్టన్ ఫ్రీడమ్‌లో చేరింది, 2011లో ఐనాక్ కోబె జట్టుకు మారింది. ఆమె క్లబ్బులు మారిన తీరును చూస్తే, వ్యక్తిగత ఆశలకన్నా మహిళా లీగుల అస్థిరతే ఎక్కువగా కనిపిస్తుంది.

అసలు మలుపు 2008లో వచ్చింది. కొత్త కోచ్ నోరియో ససాకి ఆమెను దాడి వరుస నుంచి తప్పించి, రక్షణ వరుసకు ముందు నిలిపాడు. చూసేవారికి ఇది స్థాయి తగ్గించినట్టు అనిపించవచ్చు. మైదానంలో జరిగింది వేరు. ముందు వరుసలో ఉన్నప్పుడు ఆమెను డిఫెండర్లు మొదటి నుంచీ అంటిపెట్టుకునేవారు. వెనక నుంచి పరుగెత్తుకొస్తే ఆ కాపలా ఉండదు. ఎదురుగా ఆట మొత్తం కనిపిస్తుంది, ఎప్పుడు కదలాలో తానే నిర్ణయించుకోవచ్చు. 2011లో మెక్సికోపై హ్యాట్రిక్‌లో రెండు గోల్స్ సహచరి అయా మియామా కొట్టిన ఫ్రీకిక్, కార్నర్‌లకు తల అందించినవే. సెమీఫైనల్లో స్వీడన్‌పై గోల్ కూడా తలతోనే. ఆమె పొడగరి కాదు కనుక, ఈ గోల్స్‌ను ఎత్తుకు కాక సమయజ్ఞతకు ఆపాదించాలి.

జులై 17న ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగిన ఫైనల్లో అమెరికా అదనపు సమయంలో 2-1 ఆధిక్యంలో ఉంది. 117వ నిమిషంలో మియామా కార్నర్ తీసుకుంది. సావా గుంపు మధ్యలో ఎదురుచూడక, దగ్గరి స్తంభం వైపు దూసుకెళ్లి, బంతి నేలను తాకకముందే కుడికాలి బయటి అంచుతో తాటించింది. అప్పటికి గోల్‌వైపు ఆమె వీపే ఉంది. స్కోరు సమమై, పెనాల్టీ షూటౌట్లో జపాన్ 3-1తో నెగ్గింది. ఆ ఏడాది మార్చిలో జపాన్‌లో వచ్చిన భూకంపం, సునామీల నేపథ్యంలో ఈ విజయాన్ని దేశ ప్రజల మనోధైర్యానికి చిహ్నంగా చెప్పడం పరిపాటి. అందులో అసత్యమేమీ లేదు కానీ, ఆ కథనం గోల్ వెనకున్న క్రీడా కారణాలను కప్పేస్తుందని నా అభిప్రాయం.

గోల్డెన్ బూట్, గోల్డెన్ బాల్, ఆ ఏటి ఫిఫా ఉత్తమ క్రీడాకారిణి పురస్కారం మూడూ ఆమెకే దక్కాయి. లండన్ ఒలింపిక్స్‌లో రజతం వచ్చింది. 2015 ప్రపంచకప్ ఫైనల్లో జట్టు కుప్పకూలుతున్న వేళ, 33వ నిమిషంలోనే ఆమెను సబ్‌స్టిట్యూట్‌గా దించినా 5-2 ఓటమి తప్పలేదు. ఆ డిసెంబరు 27న జపాన్ దేశవాళీ టోర్నీ ఎంప్రెస్ కప్ ఫైనల్లో అల్బిరెక్స్ నీగతాపై కోబె 1-0తో గెలిచింది. 37 ఏళ్ల సావాకు అదే ఆఖరి మ్యాచ్. ఆ ఒక్క గోల్ ఆమెదే, మళ్లీ కార్నర్‌కు తలతో కొట్టినదే.