బండి బాగానే ఉంది, బాక్స్ పోయింది: కారు కంప్యూటర్ వెనకున్న కథ

ఈ ఎపిసోడ్‌కి కారణం మా నాన్నగారి కారు. 2005 మోడల్, పెట్రోల్ బండి. ఒకరోజు పొద్దున్నే సెల్ఫ్ కొడితే ఇంజన్ తిరుగుతోంది కానీ అందుకోవట్లేదు. ఫ్యూజులు చూశారు, పెట్రోల్ పంపు చూశారు, ప్లగ్గులు మార్చారు. చివరికి మెకానిక్ తేల్చేశాడు: "సార్, ఈసీఎం పోయింది." అంటే ఇంజన్ కంట్రోల్ మాడ్యూల్, ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ బాక్స్. సర్వీస్ సెంటర్‌లో అడిగితే ఆ పార్టు ఇప్పుడు రావట్లేదు అన్నారు. సరేనని విజయవాడ ఆటోనగర్‌లో, స్క్రాప్‌కి వచ్చిన అదే మోడల్ బండిలోంచి ఒక బాక్స్ తెచ్చి బిగించాం. పార్ట్ నంబర్ కూడా సేమ్. ఇంజన్ స్టార్ట్ అయింది, రెండు సెకన్లు నడిచింది, ఆగిపోయింది. మళ్లీ కొడితే మళ్లీ అంతే.

నేను కొన్నేళ్లు కోడ్ రాసుకుని బతికినవాణ్ణి. అదే హార్డ్‌వేర్, అదే నంబర్, మరి ఎందుకు నడవదు? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని వెనక్కి వెళ్తే 1958లో తేలాను.

అంతకుముందు ఒక చిన్న విషయం. పెట్రోల్ పూర్తిగా కాలాలంటే ఒక కిలో పెట్రోల్‌కి దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. పాత అంబాసిడర్‌లో ఈ లెక్క కార్బురేటర్ చూసుకునేది. గాలి లోపలికి లాగే ఊపుకి సన్నటి రంధ్రంలోంచి పెట్రోల్ దానంతట అదే వచ్చి కలిసేది. కరెంటు లేదు, లెక్క లేదు, అంతా అందాజా. చలికాలం చోక్ లాగాలి, తేడా వస్తే మెకానిక్ స్క్రూ తిప్పాలి. ఈసీఎం ఉన్న బండిలో ఈ పని సెన్సార్లది. ఎంత గాలి వస్తోంది, ఇంజన్ ఎంత వేడిగా ఉంది, ఎంత స్పీడుగా తిరుగుతోంది అని చూసి, ఇంజెక్టర్ ఎన్ని మిల్లీసెకన్లు తెరవాలో బాక్స్ చెబుతుంది.

ఇప్పుడు 1958కి వద్దాం. అమెరికాలో బెండిక్స్ అనే కంపెనీ 'ఎలక్ట్రోజెక్టర్' అని ఒక సిస్టమ్ చేసింది. ట్రాన్సిస్టర్లతో నడిచే ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్. క్రిస్లర్ కంపెనీ దాన్ని తన ఖరీదైన కార్లలో ఆప్షన్‌గా పెట్టింది. ఐడియా సూపర్, టైమింగే తప్పు. అప్పటి పార్టులు బానెట్ కింద వేడిని తట్టుకోలేకపోయాయి. అమ్మింది కొన్ని పదుల కార్లే. వాటిలో చాలావాటికి కంపెనీ ఏం చేసిందో తెలుసా? మొత్తం సిస్టమ్ పీకేసి కార్బురేటర్ బిగించి ఇచ్చింది! ఎలక్ట్రానిక్ బాక్స్ పాడైతే ఏం చేయాలి అన్న ప్రశ్నకి మొదటి జవాబు అది: కంప్యూటర్ తీసెయ్, పాత పద్ధతికి వెళ్లిపో. నవ్వొస్తుంది కానీ ఆలోచించండి, ఆ ఓనర్లకి వెనక్కి వెళ్లే దారి ఒకటి ఉంది. మా నాన్నగారికి అది కూడా లేదు.

ఆ పేటెంట్లు జర్మనీలోని బాష్ చేతికి వెళ్లాయి. 1967లో బాష్ డి-జెట్రానిక్ అనే సిస్టమ్‌ని ఫోక్స్‌వ్యాగన్ 1600 కార్లో తెచ్చింది. ఈసారి నిలబడింది. దాన్ని ముందుగా అమెరికా మార్కెట్ కోసమే ఎందుకు పెట్టారంటే, పొగ. కాలిఫోర్నియా అప్పటికే కార్ల పొగతో కళ్లు మండి రూల్స్ పెట్టడం మొదలెట్టింది. 1970లో అమెరికా మొత్తానికి క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది, కార్ల కాలుష్యాన్ని ఏకంగా 90 శాతం తగ్గించమని. దాని కోసం సైలెన్సర్ దారిలో కేటలిటిక్ కన్వర్టర్ పెట్టారు. మూడు రకాల విష వాయువుల్నీ ఒకేసారి శుభ్రం చేసే కన్వర్టర్‌కి ఒక పట్టుదల ఉంది: గాలి-పెట్రోల్ లెక్క 14.7 దగ్గరే ఉండాలి, అటూ ఇటూ జరగకూడదు. కార్బురేటర్ అందాజా అక్కడ పని చేయదు. 1976లో వోల్వో పొగలో ఆక్సిజన్ కొలిచే సెన్సార్ పెట్టింది. అది చెప్పిన ప్రతిసారీ పెట్రోల్ సరిదిద్దడానికి ఒక బుర్ర కావాలి. అంటే కార్లోకి కంప్యూటర్‌ని అందరికీ తప్పనిసరి చేసింది పికప్ కాదు, మైలేజీ కాదు. పొగ.

ఇక నాకు బాగా నచ్చిన భాగం. 1981లో జనరల్ మోటార్స్ అమెరికాలో అమ్మే తన పెట్రోల్ కార్లన్నిటికీ కంప్యూటర్ పెట్టేసింది. చాలావాటిలో అప్పటికింకా కార్బురేటరే, దాన్నే కంప్యూటర్ కంట్రోల్ చేసేది. ఆ బాక్స్ డిజైన్ చూస్తే ముచ్చటేస్తుంది. ఒకే బాక్స్ రకరకాల మోడళ్లకి సరిపోతుంది. ఏ ఇంజన్, ఏ గేర్‌బాక్స్, ఎంత బరువు అనే డేటా మాత్రం 'ప్రామ్' అనే చిన్న చిప్‌లో విడిగా ఉంటుంది. బాక్స్ పోతే కొత్తది ఆ చిప్ లేకుండానే వస్తుంది. మెకానిక్ పాత బాక్స్ మూత తీసి, చిప్ ఊడబీకి, కొత్త దాంట్లో గుచ్చుతాడు. ఫోన్ మార్చినప్పుడు మనం సిమ్ మార్చుకుంటాం చూడండి, అచ్చం అలాగే. ఒక్కటే జాగ్రత్త, తిరగేసి గుచ్చి కీ ఆన్ చేస్తే చిప్ కాలిపోతుంది.

ఫాల్ట్ కనుక్కోవడానికి స్కానర్ కూడా అక్కర్లేదు. డ్యాష్‌బోర్డ్ కింద ఉన్న సాకెట్‌లో రెండు పిన్నుల్ని చిన్న వైరుతో కలిపితే చెక్ ఇంజన్ లైట్ మిణుకుమంటుంది. ఒకసారి వెలిగి, ఆగి, రెండుసార్లు వెలిగితే కోడ్ 12. ఐదు, ఆగి, ఒకటి అయితే కోడ్ 51, చిప్‌లోనే గొడవ అని. లెక్కపెట్టడం వస్తే చాలు.

తర్వాత 90లలో ఫ్లాష్ మెమరీ వచ్చింది. చిప్ ఊడబీకే పని పోయింది, డేటా కేబుల్ ద్వారా ఎక్కించొచ్చు. మంచిదే. కాకపోతే ఆ కేబుల్, ఆ సాఫ్ట్‌వేర్ కంపెనీ చేతిలో ఉండిపోయాయి. అదే సమయంలో దొంగతనాల గొడవ. 1998 అక్టోబర్ నుంచి యూరప్‌లో కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి చేశారు. తాళం తలలో చిప్ ఉంటుంది. కీ తిప్పగానే అది తన కోడ్ చెబుతుంది. కోడ్ కలవకపోతే ఈసీఎం పెట్రోల్ ఆపేస్తుంది. మా బండి రెండు సెకన్ల మిస్టరీ ఇదే! స్క్రాప్ బాక్స్‌కి దాని పాత ఓనర్ తాళమే గుర్తుంది, మా నాన్నగారిది కాదు. దొంగల్ని ఆపాలి, నేను కాదనను. కానీ ఆర్సీ చేతిలో పట్టుకుని నిలబడ్డ ఓనర్‌కీ దొంగకీ ఆ బాక్స్ దృష్టిలో తేడా లేదు.

మన దగ్గర ఈ బాక్సులు ఎలా వచ్చాయి? మళ్లీ పొగే. 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో కొత్త కార్లు యూరో నిబంధనలు పాటించాల్సిందే అంది. 2000 కల్లా మారుతి 800కి కూడా ఎంపీఎఫ్ఐ వచ్చేసింది. వెనక అద్దం మీద 'ఎంపీఎఫ్ఐ' స్టిక్కర్ గుర్తుందా? దాని అర్థం లోపల ఒక కంప్యూటర్ ఉందని. అప్పుడు అది గొప్ప. ఆ తరం బండ్లకి ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి.

ఇంజన్ అరిగితే రీబోర్ చేయొచ్చు. బోర్డు మాత్రం చెప్పకుండా పోతుంది. 90ల మొదట్లో వచ్చిన మిత్సుబిషి ఎక్లిప్స్ దీనికి పేరుమోసింది. అందులో ఈసీయూ కెపాసిటర్లు లీకై, ఆ ద్రవం బోర్డు మీద రాగి గీతల్ని తినేసేది. పదిరూపాయల పార్టు, దాని వల్ల బండి మొత్తం షెడ్డుకి.

అమెరికాలో దీని మీద పెద్ద పోరాటమే జరిగింది. 2012లో మసాచుసెట్స్ ఓటర్లు రిపేర్ సమాచారం బయట మెకానిక్‌లకీ ఇవ్వాలని భారీ మెజారిటీతో ఓటేశారు. 2015లో అక్కడి కాపీరైట్ నిబంధనల్లో మినహాయింపు వచ్చింది, సొంత బండి రిపేర్ కోసం ఓనర్ దాని సాఫ్ట్‌వేర్ తాళం తీసుకోవచ్చని. అప్పటిదాకా అది నేరం కిందికి రావచ్చన్నమాట! మన దగ్గర 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది, అందులో ఆటోమొబైల్స్ కూడా ఉన్నాయి. కమిటీ, పోర్టల్ వచ్చాయి. మా బాక్స్ మాత్రం రాలేదు.

చివరికి బండి ఎలా నడిచిందంటారా? ఆటోనగర్‌లోనే బోర్డులు బాగుచేసే ఒకాయన ఉన్నాడు. రెండు బాక్సులూ విప్పి పక్కపక్కన పెట్టాడు. చచ్చిపోయిన బోర్డు మీద ఎనిమిది కాళ్ల చిన్న చిప్ ఒకటి చూపించి, "మీ తాళం ఇందులో ఉంది" అన్నాడు. వేడి గాలితో దాన్ని ఊడదీసి, స్క్రాప్ బోర్డు మీద అదే చోట అతికించాడు. నాన్నగారు కీ తిప్పారు. రెండు సెకన్లు. మూడు. పది. ఆయన ఏసీ కూడా ఆన్ చేశారు.

1981లో చేత్తో ఊడబీకి గుచ్చే పనే ఇది. అప్పుడది సర్వీస్ మాన్యువల్‌లో రాసుండేది. ఇతనికి ఎవరు నేర్పారని అడిగితే, "పోయిన బోర్డులే నేర్పాయి తమ్ముడూ" అని పక్క బండి బోర్డు అందుకున్నాడు.