తకిలిచుట్టు తిరిగిన చదువు

చరిత్రము, భూగోళము, ప్రకృతిశాస్త్రము అని వేఱువేఱు పుస్తకములు పెట్టి యెనిమిదేండ్ల బాలునకు బోధింపవలెనా, లేక వాని కన్నులయెదుట నున్న లోకమువలెనే చదువును ఒక్కటిగా నుంపవలెనా? ఈ ప్రశ్న మన దేశమున గట్టిగా చర్చకు వచ్చినది 1937వ సంవత్సరమున. ఆ యేట అక్టోబరు 22, 23 తేదీలలో మహాత్మాగాంధి యధ్యక్షతను విద్యావేత్తలు వార్ధాలో సమావేశమైరి. పాఠ్యప్రణాళిక రచనకై డాక్టరు జాకిర్ హుస్సేనుగారి నాయకత్వమున నొక సంఘ మేర్పడెను. మఱుసటి యేట హరిపురా కాంగ్రెసు ఆ విధానమును అంగీకరించెను.

మాతృభాషలో బోధన, నడుమ నొక చేతిపని. ఇంతవఱకు అందఱు నెఱిగినదే. నాకు ముఖ్యముగా తోచునది వేఱు. ఆ ప్రణాళికలో చరిత్రము, భూగోళము, పౌరధర్మములు కలసి సాంఘికశాస్త్రమైనవి. ప్రకృతిపరిశీలనము, వృక్షజంతుశాస్త్రములు, ఆరోగ్యసూత్రములు, రసాయనశాస్త్రము, నక్షత్రజ్ఞానము కలసి సామాన్యవిజ్ఞానమైనవి. ఈ రెండును చేతిపనితో ముడిపడవలెను. బాలుడు తకిలి త్రిప్పుచుండును. ప్రత్తి యే నేలలో పండునన్నచో భూగోళము; నూలు ఎన్ని గజములు వచ్చెనన్నచో గణితము; మన నేతబట్ట యుండగా సీమగుడ్డ యేల వచ్చెనన్నచో చరిత్రము. మచిలీపట్టణపు అద్దకపు గుడ్డలు ఓడలెక్కి పారసీకమునకు పోయిన కథను తెలుగుబాలునకు ఇంతకంటె దగ్గఱి దారిని చెప్పజాలము.

అయితే కాలపట్టికను చూడుడు. దినమునకు అయిదున్నర గంటల బడిలో చేతిపనికి 3 గంటల 20 నిమిషములు. మాతృభాషకు 40. సంగీతము, చిత్రలేఖనము, గణితము మూటికిని కలిపి 40. సాంఘికశాస్త్ర సామాన్యవిజ్ఞానములు రెంటికిని కలిపి 30 మాత్రమే! చేయి పనిచేయునంతసేపును బుద్ధియు పనిచేయునని సంఘమువారి నమ్మకము. ఆ నమ్మకపు బరువంతయు ఉపాధ్యాయునిమీద పడినది. బడిలో దాస్యమువంటిది ప్రవేశించునని ప్రొఫెసరు కె.టి. షా ఆ సభలోనే శంకించెను. నా శంక వేఱు: తకిలినుండి భూగోళమునకు దారి తీయగల గురువు లేనినాడు తకిలి తకిలియే.

నేను చదివిన పల్లెబడిలో 1960వ దశకపు చివర తకిలి యుండెను. మా అయ్యవారు నూలును కొలిచెడివారు, తెగిన పోగునకు చెవి మెలిపెట్టెడివారు. ఈ ప్రత్తి యెచ్చటిదని ఒక్కనాడైనను అడిగినవారు కారు. తకిలిది వేఱు గంట, భూగోళముది వేఱు గంట. చాలమంది నూలు వడకిరి గాని, ముడి మాత్రము పడలేదు.

1975లో జాతీయ ప్రణాళిక ప్రాథమికదశకు పరిసరాధ్యయనమను నొక్క విషయమును సూచించెను. అందును మూడవ తరగతినుండి ప్రకృతి యొక భాగము, సమాజ మొక భాగముగా విడిపోయినవి. 2005 నాటి ప్రణాళికలో అవి మరల ఒక్కటిగా నున్నవి. పుస్తకము కలిపినది, మంచిదే.

నా యుద్యోగపు చివరి యేండ్లలో చెఱువు పాఠము వచ్చినపుడు పిల్లలను గట్టుమీదికి తీసికొనిపోయితిని. తూము ఎవరు కట్టిరని యొకడు, వేసవిలో చేప లేమగునని యొకతె, నీరు ముందుగా ఎవరి పొలమునకు పోవునని వేఱొకడు అడిగిరి. మూడవదానికి నాయొద్ద సమాధానము లేదు. మఱునాడు నీరటికానిని బడికి పిలిచితిని.